కొలువుకు తగ్గ దుస్తులు: దస్తార్ నుంచి టై వరకు హైదరాబాద్ అనుభవం

ఉపోద్ఘాతం

ధూల్‌పేట్‌కు దగ్గరలో, మూసీ మీది పురానాపూల్‌కు కూతవేటు దూరంలో జుమ్మేరాత్ బజార్ ఉంది. ఉర్దూలో జుమ్మేరాత్ అంటే గురువారం. పేరుకు తగ్గట్టే ప్రతి గురువారం అక్కడ నేలమీద పట్టాలు పరిచి పాత సామాను అమ్ముతారు. పనిముట్లు, గడియారాలు, బూట్లు, బట్టలు అన్నీ కలగలిసి ఉంటాయి. ఒకరి ఇంట్లో వాడకం అయిపోయిన ప్యాంటు, కోటు మరొకరి అవసరానికి ఇక్కడ చేతులు మారతాయి. కొనేవారిలో, రేపో మాపో ఒక గదిలో నలుగురి ఎదుట కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన యువకుడు కూడా ఉండవచ్చు.

ఇంటర్వ్యూకు ఏం వేసుకుని వెళ్లాలి అన్నది చరిత్ర పాఠంలో చేర్చదగిన ప్రశ్నేనా అని మీకు అనిపించవచ్చు. కొలువు ఇచ్చేవాడి ఎదుట నిలబడే మనిషి ఎలా కనబడాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం ఎప్పుడు మారుతుంది? మారినప్పుడు అయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? ఇలా విడదీసి అడిగితే అది అధికారానికి సంబంధించిన ప్రశ్న అని తెలుస్తుంది. దీన్ని పరిశీలించడానికి హైదరాబాద్ కంటే అనువైన నగరం దొరకడం కష్టం. సుమారు నూట యాభై ఏళ్లలో ఇక్కడ ‘తగిన దుస్తులు’ అనే మాటకు అర్థం కనీసం మూడుసార్లు మారింది.

తల, కాళ్లు: రెండు మర్యాదల ఘర్షణ

మన దేశంలో పెద్దల ఎదుటికి వెళ్లేటప్పుడు తల కప్పుకోవడం, కాళ్లకున్న చెప్పులు విడవడం గౌరవం. ఐరోపావారి పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. వారు టోపీ తీస్తారు, బూట్లు ఉంచుకుంటారు. ఈ రెండు మర్యాదలూ ఒకే గదిలో ఎదురైనప్పుడు ఎవరిది చెల్లుతుందన్నది బలాబలాలను బట్టి తేలింది.

1798 నుంచి 1805 వరకు హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మొగలాయీ దుస్తులు ధరించేవాడు. ఖైరున్నీసా బేగంను వివాహమాడాడు. నిజాం దర్బారులో ఆ కాలపు రెసిడెంట్లు బూట్లు విడిచి, నేలమీద పరచిన తివాచీపై కూర్చునేవారు. 1869లో అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా మరణించాడు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి మూడేళ్లు కూడా నిండని పసివాడు. ఆ సమయం చూసుకుని రెసిడెంటు సాండర్స్ పాత ఆచారాన్ని పక్కన పెట్టాడు. బూట్లతోనే దర్బారుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. 1857 తిరుగుబాటు అణగిపోయిన పన్నెండేళ్లకు జరిగిన ఈ మార్పులో ఒక్క తుపాకీ పేలలేదు. అయినా నగరంలో ఎవరి మాట చెల్లుతుందో చూసినవారందరికీ అర్థమైంది.

బ్రిటిష్ ఇండియాలోనూ ఇదే తగాదా మరో రూపంలో నడిచింది. ఐరోపా పద్ధతి బూట్లు వేసుకున్న భారతీయులు వాటితోనే అధికారుల ఎదుటికి రావచ్చని 1854లో కలకత్తాలోని గవర్నర్ జనరల్ మండలి అనుమతించింది. దేశీయ చెప్పులు తొడుక్కున్నవారు మాత్రం వాటిని విడిచే రావాలి. ఒకే మనిషి, అదే వినతిపత్రం. కాలికి ఏముందన్న దాన్ని బట్టి మర్యాద మారింది. ఇంగ్లీషు బూట్లు కొనగలిగిన గుమాస్తాకు ఇది ఊరట కలిగించింది. కొనలేనివాడికి ఇది రెండో అవమానం.

ఇప్పుడు దర్బారు వదిలి తెలంగాణ పల్లెకు రండి. దొర గడీ ముందు నుంచి వెళ్లే కింది కులాల మనిషి చెప్పులు చేతపట్టుకోవాలి, భుజం మీది తుండు తీసి నడుముకు చుట్టుకోవాలి. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అనే మాటతో పాటు ఈ శరీర భంగిమ కూడా చిన్నప్పుడే నేర్పబడేది. అటువంటి ఇంట్లో పుట్టి చదువుకున్న తొలి తరం యువకుడు పట్నంలో కొలువు కోసం ఒక అధికారి గదిలోకి అడుగు పెట్టాడనుకోండి. తల వంచడం, చెప్పులు విడవడం, భుజం ఖాళీగా ఉంచుకోవడం అతనికి అలవాటైన పద్ధతి. ఆఫీసు అడిగేది బూటు, నిటారుగా నిలబడటం, బొత్తాలు పెట్టుకున్న కోటు. కోటు ఎరువు తెచ్చుకోవచ్చు. ఒంటికి పట్టిన భయం కోటు తొడిగితే పోదు. దుస్తుల చరిత్ర రాసేవారు చాలాసార్లు బట్టనూ కుట్టునూ వర్ణించి ఇక్కడికి రాకుండానే ఆగిపోతారు.

దస్తార్, బగ్లూస్, షేర్వాణీ

1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ రాజ్యపాలనను కొత్త పద్ధతిలో అమర్చాడు. 1865లో జిల్లాబందీ అమలు చేశాడు. రెవెన్యూ, న్యాయ, పోలీసు శాఖలు రూపు దిద్దుకున్నాయి. వాటిని నడపడానికి ఉత్తర భారతం నుంచి మొహసిన్ ఉల్ ముల్క్, సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ వంటి చదువుకున్నవారిని రప్పించాడు. వంశపారంపర్యంగా నడిచిన కొలువుల పక్కన, చదువును బట్టి ఇచ్చే నెలజీతపు ఉద్యోగం అనే కొత్త వస్తువు నగరంలోకి వచ్చింది. సిఫారసు పోలేదు గానీ, అది ఒక్కటే చాలని చెప్పే కాలం పోయింది.

నిజాం దర్బారుకు వెళ్లేవారికి దస్తార్, బగ్లూస్ తప్పనిసరి. దస్తార్ అంటే ముందే చుట్టి సిద్ధంగా ఉంచిన తలపాగా. బగ్లూస్ అంటే నడుముకు పెట్టే బిళ్ల ఉన్న పట్టీ. అవి లేకుండా నజరానా సమర్పించడానికి వీలులేదు. హిందువుల కుటుంబంలో పుట్టి రెండుసార్లు ప్రధానమంత్రి పదవి నిర్వహించిన మహారాజా కిషన్ పర్షాద్ కూడా ఇదే వేషంలో కనిపిస్తాడు. అంటే ఈ దుస్తులు మతాన్ని సూచించేవి కావు, కొలువును సూచించేవి. ఈ విషయాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. తరువాతి కాలపు రాజకీయాల్లో దీన్ని మరచిపోవడం వల్ల చాలా అపార్థాలు పుట్టాయి.

ఆఫీసుకు, కళాశాలకు మాత్రం షేర్వాణీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తర భారతంలో రూపొందిన ఈ పొడుగు అంగీ అటు దేశీయ అంగరఖాకూ ఇటు ఐరోపా ఫ్రాక్ కోటుకూ బంధువు. మెడ నుంచి నడుము దాకా బొత్తాలు, లోపల అస్తరు, ఒంటికి సరిపోయే కొలత. మంచి దర్జీ లేకుండా కుదరని బట్ట అది. 1918 నాటి ఫర్మానాతో ఏర్పడి మరుసటి ఏడాది తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. అక్కడి విద్యార్థుల సాధారణ వేషం షేర్వాణీయే. ముస్లింలతో పాటు కాయస్థులు, తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు అదే తొడుక్కుని తరగతికి, ఆ తరువాత కచేరీకి వెళ్లారు.

తలమీద ఎర్రని రూమీ టోపీ, దాని నల్లని కుచ్చు. దీని ప్రయాణం విచిత్రమైనది. ఉస్మానియా తురుష్క సామ్రాజ్యంలో సుల్తాన్ రెండవ మహమూద్ 1829లో తన ఉద్యోగుల కోసం దీన్ని అధికార వేషంగా చేశాడు. అప్పుడది కొత్తదనానికి గుర్తు. దాదాపు వందేళ్ల తరువాత, 1925లో, ముస్తఫా కెమాల్ ప్రభుత్వం అదే టోపీని వెనకబాటుతనానికి గుర్తుగా భావించి చట్టంతో నిషేధించింది. తురుష్క దేశంలో టోపీ దిగిపోయిన ఆరేళ్లకు, 1931లో, ఏడవ నిజాం పెద్ద కుమారుడు ఆజం జా చివరి ఖలీఫా కుమార్తె దురు షెహవార్‌ను ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లాడాడు. పుట్టినింట నిషేధానికి గురైన టోపీ హైదరాబాద్ కచేరీల్లో మరో పదిహేడేళ్లు మర్యాదగా బతికింది.

రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. కానీ 1880ల నుంచి పాలనా భాష ఉర్దూ, అంతకు ముందు పారశీకం. వరంగల్ నుంచో నల్లగొండ నుంచో వచ్చిన తెలుగు యువకుడు కొలువు గదిలోకి వెళ్లే ముందు నాలుకకు ఒక భాష, ఒంటికి ఒక అంగీ, తలకు ఒక టోపీ సమకూర్చుకోవలసి వచ్చేది. పంచె కట్టుకుని వచ్చినవాడు తెలివి తక్కువవాడని ఏ ఫర్మానాలోనూ లేదు. లేకపోయినా అందరికీ తెలిసిన నియమం అది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టిన ఘటన, ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసిన ఘటన, మీరు ఇదివరకటి పాఠాల్లో చదివారు. భాష విషయంలో ఆనాడు బయటపడిన చులకన వేషం విషయంలోనూ ఉండేది. మొదటిదానికి ఉద్యమం వచ్చింది. రెండోదాన్ని ఎవరి ఖర్చు వారు పెట్టుకుని సర్దుకున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇక్కడ ఆగి, మీ ఇంట్లో మొదట నెలజీతపు ఉద్యోగం సంపాదించిన వ్యక్తి ఎవరో తెలుసుకోండి. ఆ రోజు వారు ఏం తొడుక్కుని వెళ్లారో, ఆ బట్టలు ఎక్కడివో అడిగి పది వాక్యాల్లో రాయండి. పెళ్లినాటి చొక్కానా, అన్నదా, అప్పు చేసి కుట్టించిందా అన్న వివరం వదలవద్దు. చరిత్రకారులకు దొరకని ఆధారాలు మీ ఇంటి పెద్దల దగ్గర ఉంటాయి.

1948 తరువాత

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యతో అసఫ్‌జాహీ పాలన ముగిసింది. నగర వీధుల్లో మొదట కనబడిన మార్పుల్లో ఒకటి తలల మీదే జరిగింది. రూమీ టోపీలు పెట్టెల్లోకి వెళ్లాయి, తెల్లని గాంధీ టోపీలు బయటికి వచ్చాయి. ఇష్టంతో మార్చుకున్నవారున్నారు, భయంతో మార్చుకున్నవారున్నారు. ఫోటో చూస్తే ఈ ఇద్దరి మధ్య తేడా తెలియదు. షేర్వాణీ కొంతకాలం నిలిచింది. నెహ్రూ స్వయంగా దాన్ని ధరించడం, ప్రభుత్వ లాంఛనాల్లో మెడ మూసిన కోటుకు చోటు దొరకడం దానికి కొంత రక్ష. అయితే క్రమంగా అది కచేరీ నుంచి పెళ్లి పందిరికి తరలిపోయింది. ఇవాళ పత్తర్‌గట్టీ, మదీనా ప్రాంతపు దుకాణాల్లో షేర్వాణీ అడిగితే ‘పెళ్లికొడుకు ఎవరు?’ అనే అడుగుతారు.

ఈ మధ్యలో కొత్త పోటీదారులు వచ్చారు. నిజాం 1919లో ఇచ్చిన ముల్కీ ఫర్మానా ప్రకారం ఉద్యోగాలకు పదిహేనేళ్ల స్థానిక నివాసం అవసరం. 1948 తరువాత మద్రాసు రాష్ట్రం వైపు నుంచి ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఉర్దూలో చదివిన ముల్కీ యువకుడి పట్టా ఒక్కసారిగా విలువ కోల్పోయింది. 1952 సెప్టెంబరులో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదాలు లేచాయి. ధూల్‌పేట్‌కు ఎంతో దూరంలో లేని సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నినాదం తిండిని పట్టుకుంది. పోరాటం మాత్రం ఎవరి అలవాట్లు ఆఫీసులో ‘సహజం’ అనిపించుకుంటాయి అన్న దాని గురించే.

1959లో ఉపాధి కల్పనా కార్యాలయాల చట్టం వచ్చింది. ఖాళీలను ఆ కార్యాలయాలకు తెలియజేయడం తప్పనిసరి అయింది. అక్కడ పేరు నమోదు చేసుకుని ఇంటర్వ్యూ కార్డు కోసం ఎదురుచూడటం ఒక తరం యువకుల జీవితంలో భాగమైంది. వారి చేతికి అందిన గొప్ప సౌకర్యం టెర్లిన్ చొక్కా. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది, ముడత పడదు. ఒకే మంచి చొక్కా ఉన్నవాడికి ఇస్త్రీ బొగ్గుల ఖర్చు లేకుండా చేసిన ఆ బట్ట, ఎండాకాలంలో ఒంటిని ఉడికించినా, చాలామందిని ఇంటర్వ్యూ గది దాకా చేర్చింది. ఈ కృత్రిమ నూలుకు మన సామాజిక చరిత్రలో దక్కవలసిన పేజీ ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

ఆడపిల్లల విషయం వేరుగా నడిచింది. కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనంలో 1949 నుంచి కోఠీ మహిళా కళాశాల నడిచింది. ఒకప్పుడు రెసిడెంట్ల మర్యాదలు నడిచిన ఆ హాళ్లలో చదివిన అమ్మాయిలు ఉపాధ్యాయులుగా, గుమాస్తాలుగా, బ్యాంకు ఉద్యోగులుగా బయటికి వచ్చారు. వారికి చాలాకాలం చీర ఒక్కటే ప్రశ్నకు తావులేని జవాబు. మగవాడి వేషం కచేరీ మారినప్పుడల్లా మారింది. ఆడవారి వేషం మారకూడదని ఇల్లూ ఆఫీసూ కలిసి కోరాయి. పంజాబీ డ్రెస్ ఇంటర్వ్యూ గదికి తగినదేనా అన్న చర్చ ఇటీవలి దశాబ్దాల దాకా ఇళ్లలో సాగింది. అన్నదమ్ముల ప్యాంటు గురించి అటువంటి చర్చ ఎవరూ పెట్టలేదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్ వైపు మూడో వేషం వచ్చింది. లేత రంగు పొడుగు చేతుల చొక్కా, ముదురు ప్యాంటు, నల్ల బూట్లు, ఇంటర్వ్యూ రోజున టై. ఉద్యోగం వచ్చాక అదే కంపెనీలో చాలామంది టీషర్టుతో కనిపిస్తారు. అంటే ఆ టై పనికి అవసరమైనది కాదు, గుమ్మం దాటడానికి అవసరమైనది. 1854 నాటి ఇంగ్లీషు బూట్లతో పోల్చి చూడండి.

గదిలో కొన్ని నిమిషాలు

మౌఖిక పరీక్షకు ఎంత బరువు ఇవ్వాలన్నది న్యాయస్థానాల ముందుకూ వచ్చింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ప్రవేశాలకు సంబంధించిన అజయ్ హాసియా కేసులో, మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకు కేటాయించడం నిర్హేతుకమని, పదిహేను శాతం మించకూడదని 1980 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో అభ్యర్థితో రెండు మూడు నిమిషాలు మాత్రమే మాట్లాడి మార్కులు వేశారన్నది ఆ కేసులోని ఆరోపణ. రెండు నిమిషాల్లో మనిషి తెలివి బయటపడదు. చొక్కా కాలరు, మాట యాస, కూర్చున్న తీరు కనబడతాయి.

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్ 1, గ్రూప్ 2 నియామకాలకు కూడా ఇంటర్వ్యూ వద్దని నిర్ణయించింది. ఆ పోస్టులకు చదివేవారికి దుస్తుల బెంగ ఒకటి తగ్గింది. సివిల్ సర్వీసెస్‌లో మాత్రం 2025 మార్కుల్లో 275 ఇప్పటికీ ఆ గదిలోనే తేలుతాయి. ప్రైవేటు ఉద్యోగాల సంగతి చెప్పనక్కరలేదు.

చిరునామాను కప్పని చొక్కా

ధూల్‌పేట్‌లో లోధ్ సముదాయం పెద్దది. తమ పూర్వీకులు బుందేల్‌ఖండ్ వైపు నుంచి సైనిక కొలువు కోసం వచ్చారని వారు చెప్పుకుంటారు. అంటే వారి కథ కూడా ఒక ఉద్యోగంతోనే, ఒక యూనిఫాంతోనే మొదలైందన్నమాట. తరువాత ఆ ప్రాంతం వినాయక విగ్రహాలకు, సంక్రాంతి గాలిపటాలకు పేరు పొందింది. రెండూ కాలాన్ని బట్టి నడిచే పనులు. వినాయక చవితికి ముందు ఊపిరి సలపదు, నిమజ్జనం అయ్యాక చేతులు ఖాళీ. ఆ ఖాళీల్లోనే గుడుంబా వచ్చి చేరింది. దశాబ్దాల పాటు పత్రికల్లో ధూల్‌పేట్ పేరు ఎక్సైజు దాడుల వార్తల పక్కనే కనిపించింది. 2015, 2016 ప్రాంతంలో ప్రభుత్వం గుడుంబాను గట్టిగా అణచివేసి, దానిమీద బతికినవారికి పునరావాసం చూపుతామని చెప్పింది.

ఇటువంటి పేటనుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి ఇంటర్వ్యూకు ఏం వేసుకోవాలి? ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, మూసిన బూట్లు, చేతిలో ఫైలు. ఆఫీసులో పనిచేసేవారు మామూలు రోజున ఎలా ఉంటారో వెళ్లి గేటు దగ్గర ఒకసారి చూసి, అంతకు ఒక మెట్టు శుభ్రంగా ఉంటే చాలు. అప్పు చేసి సూటు కుట్టించుకోనక్కరలేదు. సరిపోని సూటు మీద కంటే సరిపోయిన చొక్కా మీద చూపు తక్కువ నిలుస్తుంది. జుమ్మేరాత్ బజార్‌లో కొన్నా భుజాలు, చేతుల పొడవు దర్జీతో సరిచేయించుకుంటే అది ఎవరిదో ఎవరూ అడగరు. అయితే దరఖాస్తు పైన చిరునామా ఉంటుంది, పేరు ఉంటుంది. వాటికి దర్జీ లేడు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో సమాన అర్హతలున్న దరఖాస్తులను అగ్రకుల హిందూ పేర్లతో, దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు మొదటివారితో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే ఉంది. అదే సంవత్సరం సురీందర్ జోధ్‌కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో ఉద్యోగులను ఎంపిక చేసే అధికారులతో మాట్లాడారు. తాము ప్రతిభనే చూస్తామని ఆ అధికారులు గట్టిగా చెప్పారు. ‘మీ కుటుంబ నేపథ్యం ఏమిటి?’ అని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతామని కూడా చెప్పారు. నాన్న ఏం చేస్తారు అన్న ప్రశ్నకు ఒకరు ‘బ్యాంకు మేనేజరు’ అంటారు, ఇంకొకరు ‘విగ్రహాలు చేస్తారు’ అంటారు. రెండో జవాబులో తక్కువ ఏమీ లేదు. వినేవాడు దాన్ని ఎలా వింటాడన్నదే అసలు చిక్కు.

2020లో కరోనా వచ్చాక చాలా ఇంటర్వ్యూలు తెర మీదికి మారాయి. చొక్కా ఛాతీ వరకు కనబడితే చాలు, కింద లుంగీ ఉన్నా పట్టింపు లేదు. కానీ తెరలో అభ్యర్థి వెనక ఉన్న గోడ కూడా కనబడుతుంది. సున్నం రాలిన గోడ, దండెం మీది బట్టలు, పక్క గది మాటలు, వీధిలో ఆటో చప్పుడు, అన్నీ ఇంటర్వ్యూ గదిలోకి వెళతాయి. అందుకని ఒక గది, రెండు గదుల ఇళ్లలో ఉన్నవారు ఆ అరగంట కోసం కుర్చీ వెనక రంగు వెలవని దుప్పటి ఒకటి కట్టి, మిగతా ఇంటివారిని బయట కూర్చోబెట్టి, ఫోనును పుస్తకాల దొంతర మీద నిలబెట్టుకుంటున్నారు.